మాను మీది గొడుగు: ఏ పొర దేనికి

పుట్ట మీద మొలిచేది కాబట్టి పుట్టగొడుగు. మన భాష గొడుగును నేలతో ముడిపెట్టింది. తొలకరి తర్వాత తలెత్తి రెండు మూడు రోజుల్లో కుళ్ళిపోయే మెత్తటి జాతికి ఆ పేరు చక్కగా కుదురుతుంది. మానుకు అతుక్కుని, కాడ లేకుండా, గోడకు బిగించిన అరలా ముందుకు పొడుచుకొచ్చి, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ చెక్కుచెదరని కొయ్యలాంటి జాతి వేరే ఉంది. నమలడానికి రాదు, కూర వండడానికి రాదు. అందుకే అది మన దగ్గర కుక్కగొడుగుల లెక్కలో పడిపోయింది. చలిదేశాల అడవుల్లో మాత్రం అదే నిప్పు, అదే కట్టు, అదే టోపీ, కత్తి నూరే పట్టీ, కొన్నిచోట్ల మందు కూడా.

ఇన్ని పనులకు ఒకే వస్తువు ఎలా పనికొచ్చిందంటే, దాని ఒంట్లో ఏ పొరకు ఆ పొర వేరు గనుక. ఆ పొరల కట్టడం మీద ఆధారపడిన వాడకాలు ఈ రోజు ఎవరు చేసి చూసినా పనిచేస్తాయి. కషాయంగా తాగే వాడకాల సంగతి వేరు. వాటిని ఒక్కొక్కటిగా తూచాలి. ఈ రెంటినీ కలిపేసి "ఐదువేల ఏళ్ళ వైద్యం" అంటూ సీసాలో పోసి అమ్మడం దగ్గరే మోసం మొదలవుతుంది.

డెక్కను కోసి చూస్తే

ఐరోపా, సైబీరియా, ఉత్తర అమెరికా అడవుల్లో బీచ్ చెట్ల మీదా భూర్జ (బిర్చ్) చెట్ల మీదా ఎక్కువగా కనిపించేది ఫోమెస్ ఫోమెంటేరియస్. హిమాలయాల్లోనూ ఉంది. అచ్చం గుర్రపు డెక్కలా ఉంటుంది కాబట్టి ఇక్కడ దాన్ని డెక్కగొడుగు అందాం. నిలువునా రంపంతో కోస్తే లోపలి అమరిక తెలుస్తుంది. పైన బూడిదరంగు పెచ్చు, గోరు దిగనంత గట్టిది. దాని కింద లేత గోధుమరంగు పొర, నొక్కితే మెత్తటి తోలులా తగులుతుంది. ఆ కింద, నేలవైపుకు నిలువుగా దిగే సన్నటి గొట్టాలు దొంతరలు దొంతరలుగా ఉంటాయి. వాటి నోళ్ళే అడుగున సూదిమొన రంధ్రాలుగా కనిపిస్తాయి. బీజాలు రాలేది అక్కడినుంచే. పాత గొట్టాల కిందే కొత్త వరుస చేరుతూ పోతుంది. అందుకే బాగా ముదిరిన డెక్కలో గొట్టాలే ఎక్కువ, తోలుపొర తక్కువ. పనికొచ్చేది ఆ తోలుపొరే. ఫ్రెంచివాళ్ళు దాన్నుంచి తీసిన సరుకును అమడూ అన్నారు, ఇతర భాషల్లోనూ ఆ పేరే నిలిచింది.

చూపుకు ఇలాగే ఉండే ఫెల్లినస్ జాతి కూడా ఉంది. దాని లోపలంతా కొయ్యే, తోలుపొర దొరకదు. అనుమానం వస్తే పెచ్చు ముక్క మీద పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం ఒక చుక్క వేస్తారు. డెక్కగొడుగు పెచ్చు నెత్తురు ముద్దలా ముదురు ఎరుపుకు తిరుగుతుంది. ఫెల్లినస్ నల్లబడుతుంది.

తోలుపొరను తీయడం

ముందు డెక్కను ఎంచుకోవడం తెలియాలి. కనీసం జానెడు వెడల్పుండి, చెట్టు మీద ఇంకా బతికి ఉన్నదే కావాలి. బతికిన దాని అంచు లేతరంగులో ఉంటుంది, అడుగు భాగం గట్టిగా, శుభ్రంగా ఉంటుంది. పురుగు బెజ్జాలు పడి, తడితే పొడి రాలేదాన్ని వదిలేయాలి. లోపలి తోలు అప్పటికే పిండి అయిపోయి ఉంటుంది.

పచ్చిగా ఉన్నప్పుడే కోయాలి. ఎండితే కత్తి జారి చెయ్యి తెగుతుంది. ఎండినదే దొరికితే ఒకటి రెండు రోజులు నీళ్ళలో నానవేసి మొదలుపెట్టవచ్చు. ముందు పైపెచ్చును చెక్కు తీసినట్టు తీసేయాలి. తర్వాత గొట్టాలను వేరు చేయాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తోలుపొరకూ గొట్టాలకూ రంగులో తేడా స్వల్పం, కానీ గొట్టాలున్న చోట నిలువు గీతలు కనిపిస్తాయి. ఆ గీతలు మొదలైన చోటికి కొంచెం పైనే కోయాలి. ఒక్క వరుస గొట్టాలు మిగిలినా, సాగదీసేటప్పుడు ముక్క సరిగ్గా అక్కడే చిరుగుతుంది. చెట్టుకు అతుక్కున్న చోట, ముదురు డెక్కల్లో గింజలు గింజలుగా ఒక గుండ్రటి గడ్డ ఉంటుంది. అది కూడా సాగదు, తీసేయాలి.

మిగిలిన తోలును మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల మందంలో, డెక్క వంపును అనుసరించి పలకలుగా కోయాలి. వంపుకు అడ్డంగా కోస్తే పోగులు పొట్టిపొట్టిగా తెగి పలక నిలవదు. తర్వాత మెత్తబరచడం. పాత పద్ధతిలో కట్టెల బూడిదను నీళ్ళలో కలిపి, తేర్చి, పైనున్న క్షారపు నీటిలో పలకలను కొన్ని గంటలు ఉడికిస్తారు. ఈ నీరు చర్మాన్ని తినేస్తుంది. చేతులకు తొడుగు లేకుండా పలకలు తీయకూడదు, అల్యూమినియం గిన్నెలో కాచకూడదు. ఉడికాక బాగా కడిగి, తడి ఆరకముందే నున్నటి మొద్దు మీద పెట్టి కొయ్యసుత్తితో కొట్టాలి. ఇనుప సుత్తి అంచులు పలకను కోసేస్తాయి. గట్టి దెబ్బలు నాలుగు వేయడం కన్నా, మధ్య నుంచి అంచులకు పోతూ తేలికపాటి దెబ్బలు వందలు వేయడం మేలు. మధ్యమధ్య రెండు చేతులతో అన్ని వైపులకూ లాగుతుండాలి. పలక పలచబడుతూ వెడల్పవుతుంది. పూర్తిగా ఎండనిచ్చి కొడితే పగుళ్ళు వస్తాయి. కొట్టకుండా ఎండనిస్తే మళ్ళీ కొయ్య అయిపోతుంది. ఎండే చివరి దశలో గుడ్డ ఉతికినట్టు చేతుల మధ్య నలిపితే మెత్తదనం నిలుస్తుంది.

రుమేనియాలో ట్రాన్సిల్వేనియా ప్రాంతపు కొరుండ్ గ్రామంలో హంగేరియన్ భాష మాట్లాడే సెకెయ్ కుటుంబాలు ఇప్పటికీ ఈ పని చేస్తాయి. వారిది నిప్పు కోసం కాదు, టోపీలు, సంచులు, బల్లగుడ్డల కోసం. అరచేయంత ముక్కను తడిపి, గుండ్రంగా తిప్పుతూ వేళ్ళతో సాగదీసి, టోపీ ఆకారపు దిమ్మ మీద పరుస్తారు. ఒక టోపీ తేలిగ్గా, వెచ్చగా, స్వెడ్ తోలు టోపీ అనుకునేలా వస్తుంది. కుట్టు లేని పెద్ద ముక్క రావాలంటే పెద్ద డెక్క కావాలి. అలాంటివి ముసలి బీచ్ చెట్ల మీదే పెరుగుతాయి. ముసలి చెట్లున్న అడవి తగ్గే కొద్దీ ఈ చేతిపనికి ముడిసరుకు కూడా తగ్గుతోంది.

నిప్పు

తోలుపొర నిప్పును ఎందుకు అంత బాగా పట్టుకుంటుంది? అది అసలు పోగుల ముద్ద. ఒక్కో పోగు మందం మిల్లీమీటరులో కొన్ని వేల వంతుల్లో ఉంటుంది, మధ్యంతా గాలి. నిప్పురవ్వ పడితే ఆ సన్నటి పోగు వెంటనే రాజుకుంటుంది, పక్కపోగుకు అందిస్తుంది. మంట మాత్రం లేవదు. నివురుగప్పిన నిప్పు అంటామే, సరిగ్గా అలా, చుట్టూ ఎర్రటి అంచుతో మెల్లగా పాకుతుంది. గాలి వీస్తే ఆరదు, ఇంకా ఎర్రబడుతుంది. ఆ గుణమే ప్రయాణంలో ప్రాణం నిలిపింది.

చెకుముకి రవ్వకు మామూలు తోలుపొర అన్నిసార్లూ అందుకోదు. అందుకే సురేకారం. తయారైన పలకను సురేకారం కలిపిన గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, నీడలో పూర్తిగా ఆరబెడతారు. వేడి తగిలితే సురేకారం ప్రాణవాయువును విడుస్తుంది, పోగులు బయటి గాలి కోసం ఎదురుచూడకుండా రాజుకుంటాయి. ఎక్కువైతే నష్టమే. ఆరాక పలక మీద తెల్లటి పలుకులు కనిపిస్తే పాలు మించినట్టు. అలాంటిది చిటపటలాడుతూ నిమిషంలో కాలిపోతుంది, నిప్పు నిలవదు. సురేకారం దొరకనప్పుడు రెండో దారి ఉంది. పలక అంచును ఒకసారి కాల్చి, నల్లబడగానే గాలి తగలకుండా డబ్బీలో మూసి ఆర్పేయాలి. మరుసటి రవ్వ ఆ నల్లటి అంచు మీదే పడాలి. ఏ పద్ధతిలో చేసినా, వాడబోయే ముందు కత్తి అంచుతో గీకి నూగులా లేపితేనే రవ్వ దిగుతుంది. నున్నటి ముఖం మీద రవ్వ పొర్లి కిందపడుతుంది.

పనిచేయలేదంటే పదిలో తొమ్మిది సార్లు తేమే కారణం. ఈ తోలు గాలిలోని తడిని కూడా పీల్చుకుంటుంది. అందుకే పాతకాలపు వాళ్ళు దాన్ని ఒంటికి ఆనించి, చొక్కా లోపల పెట్టుకునేవారు.

1991 సెప్టెంబరు 19న ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దులో 3,210 మీటర్ల ఎత్తున మంచులో దొరికిన మనిషి కూడా ఇలాగే మోసుకెళ్ళాడు. ఎట్జి అని పిలిచే ఆ మనిషి చనిపోయి ఐదువేల ఏళ్ళు దాటింది. నడుముకున్న తోలుసంచిలో చెకుముకి రాతి పనిముట్లతో పాటు నల్లటి ముద్ద ఒకటి దొరికింది. అది డెక్కగొడుగు తోలుపొరే. పోగుల్లో పైరైటు రేణువులు కూడా ఇరుక్కుని ఉన్నాయి. అంటే ఉక్కు పుట్టని కాలంలో పైరైటు ఖనిజాన్ని చెకుముకి రాయితో కొట్టి రవ్వ రాబట్టేవారన్న మాట. అతని దగ్గర భూర్జ బెరడుతో చేసిన డబ్బా కూడా ఉంది. అందులో పచ్చి మేపుల్ ఆకుల్లో చుట్టిన బొగ్గు ముక్కలు ఉండేవి. నిన్నటి పొయ్యి నిప్పును ఇవాళ్టి మజిలీకి తీసుకెళ్ళే ఏర్పాటు. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో స్టార్ కార్ అనే చోట, ఎట్జి కన్నా ఐదువేల ఏళ్ళకు పైగా పాతదైన వేటగాళ్ళ మజిలీలో డెక్కగొడుగులు పదుల సంఖ్యలో తవ్వకాల్లో బయటపడ్డాయి.

మన దగ్గర ఈ చోటు దూదిది. చెకుముకి రాయి, ఉక్కు ముక్క, బూరుగుదూది, ఇదీ మన నిప్పుసంచి. కల్లు కోసం పెంచే జీలుగుచెట్టు మట్టల మొదట్లో ఉండే నూగు కూడా నిప్పు అంటుకోవడానికి వాడిన సరుకే. చెట్టు మారింది, కావలసిన గుణం మారలేదు: సన్నటి పోగు, మధ్య గాలి, పొడిదనం.

నెత్తురు

అదే పోగుల ముద్ద నీటిని కూడా పీల్చుకుంటుంది కదా. 18వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సు శస్త్రవైద్యులు కాళ్ళూ చేతులూ తీసేసిన చోట నెత్తురు ఆపడానికి అమడూను నొక్కిపెట్టారు. మందుల షాపుల్లో దానికి శస్త్రవైద్యుల గొడుగు అనే పేరు స్థిరపడింది. జలగలు పట్టించాక ఆ గాటు గంటల తరబడి కారుతూనే ఉంటుంది. జలగ లాలాజలంలోని హిరుడిన్ నెత్తురు గడ్డకట్టకుండా ఆపుతుంది. 19వ శతాబ్దంలో ఆ గాటు మీద పెట్టినదీ ఇదే. మంగళ్ళు గడ్డం గీసేటప్పుడు పడిన గాటుకూ, దంతవైద్యులు పంటి చుట్టూ తడి తుడవడానికీ వాడారు.

ఇందులో మంత్రమేమీ లేదు. తడి పోగుల్లోకి లాగబడుతుంది, నెత్తుటి కణాలు పోగుల మధ్య చిక్కి గడ్డ కట్టడానికి ఆధారం దొరుకుతుంది, పైనుంచి వేలి ఒత్తిడి మిగతా పని చేస్తుంది. ఇవాళ్టి గాజుగుడ్డ చేసే పని దాదాపు ఇదే. తేడా అంతా శుభ్రతలో ఉంది. అడవిలో కోసిన ముక్క మీద ఏ బీజాలున్నాయో తెలియదు. గాజుగుడ్డ దొరికే చోట దీన్ని పుండు మీద పెట్టడానికి కారణమే లేదు. నిప్పు కోసం సురేకారం పట్టించిన ముక్కను గాయం మీద పెట్టడం అయితే ఏ కాలంలోనూ తప్పే. అందుకే పాత మందుల షాపుల్లో రెండు రకాలను విడిగా అమ్మేవారు.

గాలపు వేట చేసేవాళ్ళు ఈకలతో కట్టే ఉత్తుత్తి ఈగ తడిస్తే మునిగిపోతుంది. దాన్ని రెండు అమడూ ముక్కల మధ్య పెట్టి ఒకసారి అదిమితే మళ్ళీ తేలుతుంది. ఈ ఒక్క పని కోసం అమడూ ఇప్పటికీ గాలపు సామాను కొట్లలో దొరుకుతుంది.

భూర్జ గొడుగు

ఎట్జి దగ్గర రెండో గొడుగు కూడా ఉంది. రెండు ముక్కలను తోలుదారాలకు గుచ్చి మోశాడు. అది ఫోమిటోప్సిస్ బెటులినా, భూర్జ చెట్టు మీదనే పెరిగేది. డెక్కగొడుగులా ఏళ్ళు బతకదు. ఒక్క కాలమే ఉండి మరుసటి ఏటికి పురుగుల పాలవుతుంది. మాంసం తెల్లగా, దట్టంగా, రబ్బరులా ఉంటుంది.

లేతగా ఉన్నప్పుడు దీని అడుగు భాగంలో రంధ్రాల పొర చర్మంలా ఊడివస్తుంది. రెండు సమాంతర గాట్లు రెండు మూడు మిల్లీమీటర్ల లోతున పెట్టి, ఒక కొనను లేపి లాగితే సాగే గుణమున్న పట్టీ వస్తుంది. వేలికి చుట్టి, చివర సన్నటి పీలికతో ముడివేస్తే నీళ్ళలో పనిచేసినా నిలుస్తుంది. ముదిరినదాంట్లో ఈ పొర ముక్కలవుతుంది. మంగలికత్తి పదును సరిచేయడానికి చేసే పట్టీ మరో పద్ధతి. మాంసాన్ని వేలెడు మందంలో పొడవాటి బద్దగా కోసి, రెండు చెక్కల మధ్య బరువు పెట్టి రెండు మూడు వారాలు నీడలో ఆరబెట్టాలి. బరువు లేకపోతే పడవలా ముడుచుకుపోతుంది, ఎండలో పెడితే బీటలు వారుతుంది. ఆరాక గరుకు కాగితంతో సమం చేసి చెక్కకు అతికించాలి. కత్తిని వీపు ముందు, అంచు వెనుక ఉండేలా లాగాలి. ఎదురు తోస్తే బద్ద తెగుతుంది. చిన్నచిన్న పురుగులను భద్రపరిచే కీటకశాస్త్రవేత్తలు అతి సన్నటి సూదులు గుచ్చడానికి ఈ మాంసపు చిట్టి ముక్కలనే పెట్టుకునేవారు. బెండు కన్నా నున్నగా సూదిని పట్టుకుంటుంది.

ఎట్జి దీన్ని ఎందుకు మోశాడు? అతని పేగుల్లో ట్రైక్యూరిస్ పురుగు గుడ్లు దొరికాయి. 1998లో లూయిజీ కపాసో అనే పరిశోధకుడు లాన్సెట్ వైద్యపత్రికలో ఒక వాదన పెట్టాడు: ఈ గొడుగు పురుగులను చంపే భేదిమందు, ఎట్జి తన కడుపు నొప్పికే దాన్ని మోశాడు. ఆకట్టుకునే ఊహే, ప్రపంచమంతా పాకింది. కానీ శిలీంధ్ర శాస్త్రవేత్తలు వెంటనే అభ్యంతరం చెప్పారు. సంచిలో గొడుగు ఉంది, పేగులో గుడ్లు ఉన్నాయి. ఈ రెంటినీ కలిపే సాక్ష్యం మాత్రం ఎక్కడా లేదు, అతను దాన్ని తిన్న ఆనవాలూ లేదు. ఈ గొడుగు నుంచి సూక్ష్మజీవులను ఆపే పదార్థాలు వేరుచేసిన మాట నిజం. పిప్టమీన్ అలాంటిదే. గాజుపళ్ళెంలో సూక్ష్మజీవి చావడం ఒకటి, మనిషి కడుపులో రోగం తగ్గడం మరొకటి. రక్షరేకులా కట్టుకున్నాడా, గాయానికి ఉంచుకున్నాడా, పురుగులకా అన్న ప్రశ్నకు ఆ తోలుదారం జవాబు చెప్పదు.

గారీఖూన్

నిజంగా భేదిమందుగా గ్రంథాలకెక్కిన మానుగొడుగు వేరు. లార్చ్ చెట్టు మీద పెరిగే లారిసిఫోమెస్ అఫిసినాలిస్. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు డయాస్కరిడీస్ దాన్ని అగారికాన్ అన్నాడు. ముందు తియ్యగా, తర్వాత చేదుగా ఉంటుందని రుచి కూడా రాసిపెట్టాడు. ఆ పేరు అరబ్బీలోకి పోయి గారీఖూన్ అయింది. పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా కూడా దాని గురించి రాశాడు. యునానీతో పాటు అది మన దాకా వచ్చింది. చార్మినారు పక్కన నిజామియా ఆస్పత్రి, తిబ్బీ కళాశాల ఉన్న హైదరాబాదులో హకీములకు ఈ పేరు కొత్త కాదు. కఫాన్ని బయటకు పంపే విరేచనకారిగా దాన్ని వాడతారు. లార్చ్ చెట్టు తెలుగు నేలలో లేదు కాబట్టి సరుకు ఎప్పుడూ బయటినుంచి రావలసిందే.

యునానీ యోగాల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: గారీఖూన్ ముగర్బల్. అంటే జల్లెడ పట్టిన గారీఖూన్. దీన్ని రోట్లో దంచరు. వెంట్రుకల జల్లెడ మీద ముక్కను పెట్టి రుద్దుతారు. మెత్తటి తెల్లటి భాగం పొడిగా కిందికి రాలుతుంది, గట్టి పోగులు పైన మిగిలిపోతాయి. తెల్లగా, తేలికగా, సులువుగా నలిగేదే మంచిదనీ, నల్లగా, గట్టిగా ఉన్నది ప్రమాదకరమనీ హకీములు హెచ్చరిస్తారు. డెక్కగొడుగులో పోగుల కోసం మెత్తటిదాన్ని పారేస్తే, ఇక్కడ మెత్తటిదాని కోసం పోగులను పారేయడం. ఏ పొర దేనికన్న తెలివి ఇక్కడా అదే.

ఈ గొడుగులోని అగారిక్ ఆమ్లం నిజంగానే బలమైనది. క్షయ రోగులకు రాత్రుళ్ళు పట్టే చెమటను ఆపడానికి 19వ శతాబ్దపు వైద్యులు దీన్ని వాడారు. అయితే అది చెమటను ఆపింది, క్షయను కాదు. కణాల్లో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో శక్తి రవాణాను ఈ ఆమ్లం అడ్డుకుంటుందని తర్వాత ప్రయోగశాలల్లో తేలింది. మోతాదు తప్పితే ఎందుకు ప్రమాదమో దీన్ని బట్టే అర్థమవుతుంది. ఇంట్లో చేసుకునే మందు కాదు. పైగా ఐరోపాలో ముసలి లార్చ్ అడవులు తరిగిపోయి ఈ గొడుగు అంతరించే జాబితాలోకి చేరింది. ఉత్తర అమెరికా పడమటి తీరాన హైదా, ట్లింగిట్, సిమ్షియన్ జాతుల మంత్రవైద్యుల సమాధులకు కాపలాగా ఉంచిన బొమ్మలను మ్యూజియంలు చాలాకాలం కొయ్యబొమ్మలనే అనుకున్నాయి. 1990ల మొదట్లో సూక్ష్మదర్శినితో పరిశీలిస్తే అవి ఈ గొడుగును చెక్కి చేసినవని తేలింది.

బూడిద, సున్నం

అలాస్కాలో యూకాన్, కుస్కోక్విమ్ నదుల డెల్టాలోని యూపిక్ ప్రజలు ఫెల్లినస్ గొడుగును కాల్చి, ఆ బూడిదను పొగాకులో కలిపి నములుతారు. పేరు ఇక్మిక్. దీన్ని మందు అనలేం. కానీ అందులోని రసాయనం తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. అరచేతిలో పొగాకు నలిపి సున్నం రాసేది దేనికో అదీ దానికే. క్షారం కలిస్తే నికొటిన్ ఉప్పు రూపం వదిలి విడిపోతుంది, నోటి లోపలి చర్మంలోంచి త్వరగా నెత్తుట్లోకి దిగుతుంది. మత్తు ఎక్కువ, అలవాటు గట్టిది, హాని కూడా అంతే. పల్లెటూళ్ళో అమ్మమ్మలు వాడే వస్తువు కాబట్టి మెత్తనిదనుకోవడం అక్కడా ఇక్కడా జరిగే పొరపాటే.

చాగా టీ

ఇంటర్నెట్‌లో ఈ మధ్య ఎక్కువగా అమ్ముడుపోతున్నది చాగా. భూర్జ మాను మీద కాలిన బొగ్గుగడ్డలా ఉబికే ఇనోనోటస్ ఆబ్లిక్వస్ అది. నల్లటి పగుళ్ళ పైభాగం, లోపల తుప్పురంగు. బీజాలు ఇచ్చే అసలు గొడుగు ఇది కాదు. అది చెట్టు చచ్చాక బెరడు కింద ఏర్పడుతుంది. గడ్డను మొదలంటా చెక్కేస్తే మాను గాయపడుతుంది, మళ్ళీ గడ్డ రావడానికి ఏళ్ళు పడుతుంది.

పశ్చిమ సైబీరియాలోని ఖాంతీ ప్రజలు దీన్ని కాచి తాగుతారు. మరో వాడకం ఇంకా చక్కటిది. గడ్డను నిప్పులో ఎర్రగా కాల్చి నీళ్ళ బకెట్టులో వేసి విరిగేదాకా కలుపుతారు, ఆ నల్లటి నీటిని ఒళ్ళు కడుక్కోవడానికి సబ్బులా వాడతారు. కుంకుడుకాయ లేని చోట బూడిద క్షారమే సబ్బు. సోవియట్ కాలంలో 1955 నుంచి చాగా సారాన్ని మందుగా అనుమతించారు. రష్యన్ ఇళ్ళలో చేసే కషాయం పద్ధతి ఇది: గడ్డను నానబెట్టి మెత్తబరచి చిన్న ముక్కలు చేయాలి, ఒక పాలు ముక్కలకు ఐదు పాళ్ళ నీళ్ళు, కాచి 50 డిగ్రీలకు చల్లార్చినవి పోయాలి, 48 గంటలు ఉంచి వడకట్టాలి, నాలుగు రోజుల్లో వాడేయాలి. మరిగే నీళ్ళు పోయకపోవడం, సారం మాత్రమే తాగి పిప్పిని పారేయడం ఇందులో గమనించాల్సినవి.

ఇప్పుడు అమ్మేది పిప్పితో సహా పొడి. ఇబ్బంది ఇక్కడ మొదలైంది. చాగాలో ఆక్సలేటు చాలా ఎక్కువ. జపానులో కాలేయ క్యాన్సరుకు చికిత్స పొందుతున్న 72 ఏళ్ళ స్త్రీ రోజుకు నాలుగైదు టీస్పూన్ల చాగా పొడిని ఆరు నెలలు తీసుకుంది. మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ దాకా పోయింది. మూత్రపిండాల కణజాలంలో ఆక్సలేటు స్ఫటికాలు కనిపించాయని వైద్యులు 2014లో ప్రచురించారు. కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు, నెత్తురు పలచబడే మందులూ చక్కెర మందులూ వాడేవాళ్ళు దీని జోలికి పోకూడదు. ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎంతమందిని పట్టి పీడిస్తోందో తెలిసిన మనకు ఈ మాట రెండోసారి చెప్పనక్కరలేదు.

మన చెట్ల మీద

పడమటి కనుమల్లో, మహారాష్ట్ర వైపు, పనస చెట్టు మీద పెరిగే ఫెల్లినస్ గొడుగును ఫణసాంబ అంటారు. సాన మీద నీళ్ళతో గంధంలా అరగదీసి చిగుళ్ళ పుండ్లకు, పిల్లలకు చొల్లు ఎక్కువగా కారితే పైపూతగా రాస్తారు. పై పూత కాబట్టి మోతాదు చిక్కు తక్కువ. ఇంత గట్టి గొడుగును దంచడం కన్నా అరగదీయడమే తేలిక కూడా.

తెలుగు రాష్ట్రాల్లో గానోడెర్మా పేరు చాలామందికి కాఫీ పొట్లాల మీద, గొలుసు వ్యాపారం సమావేశాల్లో తెలిసింది. చైనాలో లింగ్‌జీ, జపానులో రేషీ అని పిలిచే గొడుగు ఇది. 2012లో శాస్త్రవేత్తలు దానికి గానోడెర్మా లింగ్‌జీ అని విడిగా పేరుపెట్టారు. అంతవరకూ ఐరోపా జాతి పేరుతోనే చెలామణీ అయింది. అంటే "గానోడెర్మా లూసిడమ్" అని రాసిన పాత పరిశోధనల్లో ఏ గొడుగు వాడారో కూడా అన్నిసార్లూ తేలదు. గుండెజబ్బు ముప్పు, చక్కెర విషయంలో 2015లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచేది) ఇది పనిచేస్తుందనడానికి ఆధారం లేదని చెప్పింది. క్యాన్సరుకు అసలు చికిత్సగా వాడే ఆధారం లేదనీ, చికిత్సకు తోడుగా మాత్రమే ఆలోచించవచ్చుననీ మరో కోక్రేన్ సమీక్ష తేల్చింది. మాత్రలు మానేసి పొడి తాగమనే మాట ఎవరు చెప్పినా ఆ రెండింటిలో దేనికీ పొసగదు.

కోనసీమ తోటల్లో కొబ్బరి మొదట్లో పెరిగే గోధుమరంగు మెరుపుగొడుగును చూసి అదే లింగ్‌జీ అనుకుని కోసి ఎండబెట్టేవాళ్ళు ఉన్నారు. జాతి వేరు, దాన్ని మందుగా తిన్న చరిత్ర లేదు. పైగా ఆ తోట పురుగుమందులు పడిన తోట. ఆ గొడుగు చెప్పే సంగతి వేరే ఉంది. గానోడెర్మా తెగులు ముందు వేళ్ళను కుళ్ళబెడుతుంది, తర్వాత కాండం మొదట్లో ఎర్రటి గోధుమరంగు జిగురు కారుతుంది, గొడుగు కనిపించేది చివర్లో. అప్పటికి ఆ చెట్టు దక్కడం కష్టం. చేయాల్సిందల్లా పక్క చెట్లను కాపాడుకోవడం. గొడుగులను బీజాలు రాలకముందే కోసి కాల్చేయాలి. చచ్చిన చెట్టును మొద్దుతో, వేళ్ళతో సహా తవ్వి తీయాలి. తెగులు సోకిన చెట్టు చుట్టూ కందకం తవ్వి వేళ్ళ ద్వారా పాకకుండా ఆపాలి. ఒక చెట్టు పాదు నీళ్ళు మరో చెట్టుకు పారనివ్వకూడదు. మిగిలిన చెట్లకు ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి పాదులో వేసి తడి ఆరకుండా చూడాలి. ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే. గానోడెర్మా పోగులను చుట్టుకుని తినేస్తుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం ఈ తెగులు మీద చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. జిగురు కారడం మొదలైన రోజే అక్కడికి పోతే తోట మిగులుతుంది.